దేశమంతా ఒకటే ఎయిడెడ్ బడి

జనవరి నుంచీ మా ఇంట్లో ఒకటే గోల. మా చిన్నదానికి తెల్ల గౌను కావాలట. తలమీద నెట్టు ముసుగు, తెల్ల బూట్లు, చేతికి బుల్లి సంచీ కూడా. ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో మేముండేది, ఇక్కడ సెకండ్ క్లాసంటే ఏడెనిమిదేళ్ల పిల్లలు. ఆ ఏడాదే ఫస్ట్ కమ్యూనియన్, అంటే క్యాథలిక్ పిల్లలు చర్చిలో మొదటిసారి దివ్యప్రసాదం తీసుకునే పండగ. మే నెలలో ఒక శనివారం జరిగే ఆ పండక్కి, బళ్లో నెలల తరబడి పాటలు, ప్రాక్టీసు.

వచ్చిన కొత్తలో నాకిది అంతుపట్టలేదు. ఫీజు లేదు, టీచర్ల జీతాలు ప్రభుత్వమే ఇస్తుంది. మరి గోడమీద మేరీమాత ఏమిటి, ప్యాట్రన్ (బడికి పైపెద్ద) అన్నచోట ఆర్చిబిషప్ ఏమిటి? మా ఆయనకీ ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కలేదు. చివరికి "అదేనండీ, మా ఊళ్లో రోమన్ క్యాథలిక్ మిషన్ వాళ్ల ఆర్.సి.ఎం. ఎయిడెడ్ బడి" అన్నాక ఠక్కున ఎక్కింది. జీతం సర్కారుది, మేనేజ్‌మెంటు చర్చిది. కాకపోతే మా ఊళ్లో అలాంటిది ఒక్కటే ఉండేది. ఇక్కడ ప్రైమరీ బడుల్లో 100కి దాదాపు 90 క్యాథలిక్ చర్చి చేతిలోవే.

మొదట్లో అనుకున్నది వేరు. 1831లో ఐర్లండ్ చీఫ్ సెక్రటరీ ఎడ్వర్డ్ స్టాన్లీ రాసిన ఒక ఉత్తరంతో నేషనల్ స్కూళ్లు మొదలయ్యాయి. క్యాథలిక్, ప్రొటెస్టెంట్ పిల్లలు కలిసి చదవాలి, మతపాఠం మాత్రం ఎవరిది వాళ్లకి విడిగా చెప్పాలి, అదీ ఏర్పాటు. ఏ చర్చికీ పూర్తిగా నచ్చలేదు. క్యాథలిక్కుల్లో ట్యూమ్ ఆర్చిబిషప్ జాన్ మెక్‌హేల్ బద్ధవిరోధి. ప్రొటెస్టెంట్లలో చర్చ్ ఆఫ్ ఐర్లండ్ వాళ్లయితే 1839లో సొంత విద్యాసంఘమే పెట్టుకున్నారు. అటు లాగీ ఇటు లాగీ ఆ శతాబ్దం చివరికి ఎవరి బడి వాళ్లదైపోయింది. అన్ని సబ్జెక్టుల్లోకీ మతబోధే అతిముఖ్యమని 1965 నాటి రూల్సులో ఉండేది. ఆ రూలు తీసేసింది 2016లో!

అదే ఏడు మా పెద్దాడికి ఇంటికి నాలుగడుగుల దూరంలో ఉన్న బళ్లో సీటు రాలేదు. సీట్లు చాలకపోతే బాప్టిజం అయిన పిల్లలకే ముందు. అప్పట్లో అది చట్టప్రకారమే. రోజూ వాణ్ణి బస్సెక్కించి ఇంకో బడికి తీసుకెళ్లేదాన్ని. వానలో, చలిగాలిలో, సీటివ్వని ఆ బడి గేటు ముందునుంచే. సీటు కోసమే బాప్టిజం ఇప్పించుకున్న ఐరిష్ తల్లిదండ్రులూ లేకపోలేదు. 2018 చట్టంతో క్యాథలిక్ బడుల్లో ఆ షరతు పోయింది కాబట్టే చిన్నది ఆ గేటులోంచే లోపలికెళ్లింది.

సర్కారు డబ్బు తీసుకునే బళ్లో మతపాఠానికి కూర్చోకుండా ఉండే హక్కు ఐరిష్ రాజ్యాంగం 44వ అధికరణంలో ఉంది. మనకీ 28(3)లో అలాంటిదే ఉంది. (ఆదేశిక సూత్రాలు ఐర్లండ్ నుంచి తెచ్చుకున్నామని గ్రూప్స్‌కి చదివినప్పుడు బట్టీపట్టినదాన్ని, ఇలా పనికొస్తుందనుకోలేదు.) హక్కుంది సరే, పిల్లని కూర్చోబెట్టడానికి వేరే గదీ, వేరే టీచరూ ఉండాలిగా? అందుకని మా చిన్నది అదే గదిలో వెనకబల్ల మీద బొమ్మలకి రంగులేసుకుంటుంది. చెవులకి రంగులెయ్యలేం కదా, పాటలన్నీ వచ్చేశాయి.

"దేవుడి పాటలేగా, పోనిద్దూ" అంటారు మా అత్తయ్యగారు వీడియో కాల్లో. నిజమే, నేనూ ఆ ఆర్.సి.ఎం. బళ్లో పరలోక జపం గడగడా అప్పజెప్పి, ఇంటికొచ్చి తులసికోట దగ్గర దీపం పెట్టినదాన్నే. కానీ మాకు వీధి చివరే మున్సిపల్ బడి ఉండేది. ఇష్టం లేకపోతే అందులో చేరచ్చు. ఇక్కడ ఎడ్యుకేట్ టుగెదర్ లాంటి సంస్థలు నడిపే అన్ని మతాలవాళ్ల బడులు లేకపోలేదు, మొదటిది 1978లో డాల్కీ స్కూల్ ప్రాజెక్ట్ పేరుతో పెట్టారు. మాకు దగ్గర్లో ఉన్నదానికి వెయిటింగ్ లిస్టే చేంతాడంత. 2030కల్లా అలాంటివి 400 చేస్తామన్నది ప్రభుత్వం మాట. అందుకోసం చర్చి తన బడి అప్పగిస్తానన్నా ఊళ్లో తల్లిదండ్రులే వద్దన్న చోట్లు ఉన్నాయి.

మొన్న చిన్నదాని స్నేహితురాలి కమ్యూనియన్ పార్టీకి వెళ్లాం. పెరట్లో పిల్లలు గెంతే గాలి కోట, సాసేజీలు, పిల్లకి కవర్లలో యూరోలు. దారిలో మాది అడిగింది: "మరి నాకెవరిస్తారమ్మా డబ్బులు?"

"నీకు ఓణీల ఫంక్షన్ చేస్తాంగా."

కాసేపాలోచించి, "దానిక్కూడా క్లాసంతా ప్రాక్టీసు చేస్తారా?" అంది.