గూడ వేసే పక్షి

సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు నాన్నను నేలపట్టు పక్షుల అభయారణ్యానికి తీసుకువెళ్లాను. పుట్టి పెరిగింది నాయుడుపేటలో, వయసు డెబ్బై దాటింది, అయినా ఆయన ఒక్కసారి కూడా అక్కడ అడుగుపెట్టలేదు. "కొంగల్ని చూడటానికి టికెట్టు ఎందుకురా, మన చేలో లేవా?" అన్నది ఆయన వాదన.

దొరవారిసత్రం దగ్గర హైవే వదిలి లోపలికి తిరిగేసరికి ఇంకా మంచు విడలేదు. చెరువు కనబడక ముందే దాని వాసన వచ్చింది. రెట్ట, చేపల నీచు, నానిన ఆకు కలిసిన వాసన. నాన్న కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. ఆ తర్వాత రొద. ఎదిగిన గూడబాతులు, అంటే పెలికాన్‌లు, దాదాపు నోరు విప్పవు, అరుపులన్నీ పిల్లలవే.

ఇక్కడ పక్షుల పంచాంగం ఈశాన్య రుతుపవనాలతో మొదలవుతుంది. అక్టోబరు నుంచి పడే వానలకు చెరువు నిండుతుంది. నీళ్లలో మునిగినా చావని కడప చెట్లు నడుం లోతున నిలబడి ఉంటాయి. గూళ్లు వాటి మీదే. చుట్టూ నీళ్లుంటే నక్క రాదు, అడవిపిల్లి రాదు. వానలు మొహం చాటేసిన ఏడాది ఈ సందడి అంతంత మాత్రమే.

టవరు ఎక్కాక నాన్న చేతికి బైనాక్యులర్ ఇచ్చాను. ముందు నత్తగుల్ల కొంగ దొరికింది. "దీని ముక్కు సరిగ్గా మూసుకోవడం లేదేమిటి?" అన్నారు. నత్తల్ని తినే పక్షికి ఆ సందు ఉంటుందని, పిల్లలకు మాత్రం ఉండదని చెప్పాను. నీటికాకులు, తెల్ల కంకణాయిలు చూశాం. శబరికొంగ కోసం చాలాసేపు వెతికాం. అది పగలంతా ఆకుల మాటున నిద్రపోయే జాతి, దొరకలేదు.

పక్కన ఒక పెద్దమనిషి తన మనవళ్లకు "ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయి" అని చెబుతున్నారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఉత్తరాది చలికి తాళలేక వచ్చే సూదితోక బాతుల సంగతి వేరు. ఈ బూడిదరంగు గూడబాతులు మన దక్షిణాసియా పక్షులే. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను పట్టుకుని విదేశీ అతిథి అంటామా?

అంతలో ఒక గూడబాతు చెట్ల మధ్య ఖాళీ నీళ్లలో దిగింది. ముక్కు కింద సంచిని విప్పి ముంచింది, ఎత్తింది, తల వంచి నీళ్లన్నీ కార్చేసింది, ఆపై ముక్కు పైకెత్తి మింగేసింది. నాన్న బైనాక్యులర్ దించారు.

"ఇది గూడ వేస్తోందిరా!"

నాకు వెంటనే అర్థం కాలేదు. గూడబాతు అని ఇన్నేళ్లుగా అంటున్నాను గాని, ఆ గూడ ఏమిటని ఆలోచించలేదు. మోటార్లు రాక ముందు నాన్న, పెదనాన్న కాలువకు చెరో పక్కన నిలబడి, తాళ్లు కట్టిన బుట్టలాంటి గూడతో మడికి నీళ్లు ఎత్తిపోసేవారట. ముంచడం, ఎత్తడం, వంచడం. "అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఎదురుగా ఇంకొకడుండాలి," అన్నారు. పెదనాన్న పోయి నాలుగేళ్లయింది. "ఇది చూడు, ఒంటరిగానే వేసుకుంటోంది."

తర్వాత గంటసేపు ఆయన గూడబాతుల గూళ్లున్న చెట్టు మీది నుంచి చూపు మరల్చలేదు. తెల్లటి నూగుతో ఉన్న పిల్ల, తల మొత్తం తల్లి గొంతులోకి దూర్చి చేపలు లాక్కుంటుంటే "మింగేసిందిరా!" అని కంగారుపడ్డారు. రెట్టలు కలిసిన ఈ చెరువు నీళ్లు పారితే పొలానికి ఎరువు ఖర్చు తగ్గుతుందని ఇక్కడి రైతులు చెబుతారని అన్నాను. దానికి మాత్రం ఆశ్చర్యపోలేదు, "మరి తగ్గదూ?" అన్నారు.

అక్కణ్నుంచి పులికాట్ సరస్సుకు వెళ్లి ఫ్లెమింగోలను చూడాలన్నది నా ప్రణాళిక. సూళ్లూరుపేటలో 2001 నుంచి పండుగ చేస్తున్నది వాటి పేరు మీదే కదా. ఎండెక్కింది, నాన్నకు మోకాళ్లు పట్టేశాయి, మానుకున్నాం.

దిగుతూ మెట్ల మధ్యలో ఆగారు. "ఆ పిల్లలు ఎగరడం ఎప్పుడు?"

"మార్చి, ఏప్రిల్‌కి."

"అయితే ఉగాదికి సెలవు పెట్టుకో."