గాజులు దిగని రాత్రి

డాక్టరు గారు నా పొట్ట వైపు చూసి, "తిండి తగ్గించమ్మా, అదే తగ్గుతుంది" అన్నారు. చెంపలు పీక్కుపోయి, చేతులు పుల్లల్లా ఉన్న మనిషి ఇంకేం తగ్గించుకోవాలో చెప్పలేదు. విజయనగరం బస్సు కాంప్లెక్స్‌లో "ఎన్నో నెల?" అని అడిగి లేచి చోటిచ్చినవాళ్లున్నారు. పాపం, తెలియక అడిగారు. ఈయన చదువుకున్నవాడు.

నాకూ మా ఆయనకూ హెచ్‌ఐవి. ఏళ్ల తరబడి మందులు వాడుతున్నాం. మొదట్లో ఇచ్చిన స్టావుడిన్ అనే మందు ముఖంలో, కాళ్లూచేతుల్లో కొవ్వు కరిగించేస్తుంది. దాన్ని మార్చారు, చెంపలు మాత్రం తిరిగి రాలేదు. పేగుల చుట్టూ కొవ్వు చేరడమూ ఈ జబ్బు ఉన్నవాళ్లలో కనిపించేదే. ఆ కొవ్వు కోసమే అమెరికాలో 2010లో టెసామోరెలిన్ అనే సూదిమందుకు అనుమతి ఇచ్చారు. అది మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి చేత ఎదుగుదల హార్మోను ఊరేలా చేస్తుంది. తమ్ముడు ఎవరో అమ్మకందారు దగ్గర తెప్పించాడు. పొడిలో నీళ్లు కలిపి రోజూ బొడ్డు కింద గుచ్చుకోవాలి. షుగరు చూసుకుంటూ ఉండాలని అమ్మినవాడు ఒక్క ముక్క చెప్పలేదు.

పొట్ట తగ్గింది. కుచ్చిళ్లు జారకుండా నిలిచాయి. ఆ సంతోషం అబద్ధమని అనను.

ఒక రాత్రి వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వచ్చింది. చేతులు ఉబ్బి గాజులు బిగుసుకుపోయాయి, నాలుక పిడచకట్టుకుపోతోంది. ఆయన సబ్బు నురగ రాసి లాగినా గాజులు కదలవు. పగలగొట్టెయ్యమన్నాను. అత్తయ్య ఒప్పుకోలేదు. "వాడు ఎదురుగా ఉండగా ఆ మాట అనకే!" అని, పైడితల్లిని తలుచుకుంటూ ఒక్కొక్కటే తనే దింపారు. ఆఖరిది చిట్లి చర్మం చీరుకుంది. నా రక్తం చూసి ఆవిడ వెనక్కి జరగలేదు. పాత చీర ముక్క మడిచి గట్టిగా కట్టారు.

తెల్లారి చూస్తే షుగరు 286. హెచ్‌ఐవి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో చిన్న డాక్టరమ్మ తిట్టలేదు, చెప్పిందంతా విని సూది ఆపించింది. వాపు దిగింది, షుగరు మెల్లగా దారికొచ్చింది. పొట్ట కూడా మెల్లగా వచ్చింది. ఆపితే ఆ కొవ్వు మళ్లీ చేరుతుందట. ఇప్పుడు అయ్యకోనేరు గట్టు మీద నడక, రాత్రికి చోడి అంబలి.

ఇది అందరూ సన్నబడటానికి వాడే సూది కాదు. గర్భిణులు, క్యాన్సర్ ఉన్నవారు అసలు ముట్టకూడదు. ఎవరైనా ఇస్తానంటే ముందు మీ మందులిచ్చే డాక్టరుకు చూపించండి.

మిగిలిన సీసాలు తిరిగిచ్చేద్దామని తమ్ముడు ఫోను చేస్తే అమ్మినవాడు ఎత్తలేదు. అమ్మవారికి మొక్కిన చీర మాత్రం సిరిమాను పండుగకు ముందే ఇచ్చి వచ్చాం.