మా ఇంటి గడప, 18 అడుగుల వాలు

2020 మార్చిలో బొర్రా గుహలు మూసేశారు. అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలు ఆగిపోయింది. మా ఆయన టూరిస్టులను తిప్పే జీపు ఇంటి ముందు టార్పాలిన్ కప్పుకుని కూర్చుంది. అరకు లోయ అంత నిశ్శబ్దంగా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు కుప్పలుగా కూలిపోయాయి. అప్పుడు కనీసం చెట్లు తొలగించే పని దొరికింది. కరోనాలో ఆ పనీ లేదు, జీపు వాయిదా మాత్రం నెలనెలా వచ్చేది.

ఆ ఖాళీ రోజుల్లో ఒక సాయంత్రం మా డ్వాక్రా సంఘం ఆడవాళ్లం అరుగు మీద కూర్చుని లెక్క వేశాం. ఒక కుటుంబం రెండు రోజులు అరకు వస్తే ఎంత ఖర్చు పెడుతుంది, అందులో మన ఊళ్లో ఎంత ఆగుతుంది? గది అద్దె బయటివాళ్లది, భోజనం డబ్బులు బయటివాళ్లవి, కారు విశాఖపట్నం నుంచే వస్తుంది. మనకు మిగిలేది గదులు ఊడ్చిన కూలి, రాత్రి మంట చుట్టూ మా గిరిజనుల నృత్యం థింసా ఆడినందుకు చేతిలో పెట్టే నాలుగు డబ్బులు. 1/70 చట్టం వల్ల ఇక్కడి భూమి గిరిజనేతరులు కొనకూడదు. భూమి మనదే, దాని మీద సంపాదన మనది కాదు. ఆ మాట మా వదిన అన్నాక కాసేపు ఎవ్వరం మాట్లాడలేదు.

టూరిస్టులు మళ్లీ వస్తారని మాకు తెలుసు. 2017లో అద్దాల రైలు పెట్టె వేశాక ఎంతమంది వచ్చారో చూసినవాళ్లమే. ఈసారి వాళ్లు వచ్చేసరికి మన ఇళ్ల తలుపులు తెరిచి ఉండాలని అనుకున్నాం. సంఘం అప్పు తీసుకుని మూడు ఇళ్లల్లో ఒక్కో గది, ఒక్కో బాత్రూమ్ బాగుచేశాం. అతిథులు వంతుల ప్రకారం ఇళ్లకు వెళ్లాలి, ఎవరింట్లో దిగినా చోళ్లు (రాగులు), రాజ్‌మా, కోడి, కాఫీ గింజలు సంఘం వాళ్ల దగ్గరే కొనాలి. విస్తర్లు అడ్డాకులవి. నీళ్ల సీసాలు అమ్మకూడదు, కాచిన నీళ్లు స్టీలు బిందెలో పెడతాం. పొద్దున్నే మాడగడ మేఘాల కొండ చూడ్డానికి వెళ్లేవాళ్లకు ఒక గుడ్డ సంచి ఇచ్చి, చెత్త అందులోనే తిరిగి తెమ్మంటాం. మొదట్లో ఇది చెప్పడానికి మొహమాటంగా ఉండేది, ఇప్పుడు లేదు.

కాగితాల పని మాత్రం ఏడిపించింది. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో ఒకటి నుంచి ఆరు గదుల వరకు పెట్టుకోవచ్చు, యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి, సిల్వర్, గోల్డ్ అని రెండు తరగతులు. నిధి అనే పోర్టల్‌లో దరఖాస్తు చెయ్యాలి. మా ఇంట్లో సిగ్నల్ రాదు. మా అమ్మాయి రోడ్డు మలుపు దాకా నడిచి, అక్కడ ఫోన్ పట్టుకుని ఫొటోలు ఎక్కించేది. సగంలో ఆగిపోతే మళ్లీ మొదటి నుంచి. ఇంటిపన్ను రసీదులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో రకంగా ఉన్న పేరు, దానికి రెండు నెలలు తిరిగాం. వంట పెడతాం కాబట్టి ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కూడా కావాలన్నారు. అప్పట్లో ఏడాదికి 100 రూపాయలే, కానీ ఆ సంగతి చెప్పేవాళ్లు లేక ఒక ఏజెంటుకు రెండు వేలు ఇచ్చాం. ఇది చదివేవాళ్లలో ఎవరైనా హోమ్‌స్టే పెట్టాలనుకుంటే ముందు అన్ని కాగితాల్లో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి, అదీ మర్చిపోవద్దు.

నాకు అసలు పాఠం నేర్పింది మాత్రం మా నాలుగో అతిథి. విశాఖపట్నం నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ ఫోన్ చేశారు. "అమ్మా, నాది చక్రాల కుర్చీ. మీ ఇంట్లోకి వస్తుందా?" అని అడిగారు. వచ్చేస్తుందండీ, మావాళ్లు ఉన్నారు అన్నాను. నేను సాయం గురించి ఆలోచించాను, ఆవిడ దారి గురించి అడిగారు. ఆ తేడా నాకప్పుడు తెలియలేదు. మా ఆయన, ఇంకో ముగ్గురు కుర్చీతో సహా ఆవిడను ఎత్తి మూడు మెట్లు ఎక్కించారు. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకున్నారు, రెండు చేతులూ కుర్చీ పిడులను పట్టుకుని వేళ్లు తెల్లబడ్డాయి. రెండు రోజుల్లో ఆవిడ పెరట్లోకి రాలేదు, దిగితే మళ్లీ ఎత్తాలి కదా. వెళ్లేటప్పుడు, "నీ చోడి అంబలి బాగుంది తల్లీ. నన్ను ఎవరూ ఎత్తక్కర్లేని రోజున మళ్లీ వస్తాను" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే తాపీ మేస్త్రిని పిలిచాం. ఆయన మెట్ల పక్కన ఆరడుగుల వాలు కట్టాడు. చూడ్డానికి బాగానే ఉంది. ఊళ్లో ఒకరింట్లో చక్రాల కుర్చీ ఉంటే తెచ్చి నేనే కూర్చుని ఎక్కబోయాను. సగం దాకా వెళ్లేసరికి చేతులు వణికాయి, కుర్చీ వెనక్కి జారింది, మా ఆయన పట్టుకోకపోతే పడేదాన్ని. అప్పుడు విచారిస్తే తెలిసింది, అంగుళం ఎత్తుకు పన్నెండంగుళాల పొడవు ఉండాలట. మా అరుగు ఎత్తు అడుగున్నర. అంటే 18 అడుగుల వాలు కావాలి. "అంత పొడవైతే వీధిలోకి వెళ్లిపోతుందక్కా" అన్నాడు మేస్త్రి. చివరికి పది అడుగులు ఇటు, మలుపులో కుర్చీ తిప్పుకోవడానికి ఐదడుగుల చదును, ఎనిమిది అడుగులు అటు కట్టాం. మొదట కట్టింది పగలగొట్టాం. కూలి, సిమెంటు కలిపి 14 వేలు అయింది, అప్పటి మా పరిస్థితిలో అది చిన్న మొత్తం కాదు.

ఇక గడప. రెండంగుళాల ఎత్తు టేకు గడప, దానికి మా అత్త ప్రతి శుక్రవారం పసుపు రాసి బొట్లు పెడుతుంది. తీసేద్దామంటే ఆవిడ కంట నీళ్లు తిరిగాయి. నేను బలవంతం చెయ్యలేదు. వడ్రంగి ఒక ఉపాయం చెప్పాడు. గడపకు లోపలా బయటా ఆనించేలా రెండడుగుల చెక్క వాలులు రెండు చేశాడు. శుక్రవారం ఉదయం అత్త వాటిని పక్కకు జరిపి, పసుపు రాసి, ఆరాక తనే మళ్లీ సర్దుతుంది. ఆ మధ్య ఆవిడకు మోకాళ్ల నొప్పి ఎక్కువైతే మెట్లు వదిలేసి వాలు మీద నుంచే నడవడం మొదలుపెట్టింది.

పర్యాటకం అంటే ఇప్పుడు మా ఊళ్లో కొంచెం వేరే అర్థం వచ్చింది. థింసా ఆడేవాళ్లు తమకు వీలైన వేళే ఆడతారు, డబ్బు నేరుగా వాళ్ల చేతికే. శీతాకాలంలో వలిసె పూల మడుల్లోకి దిగి ఫొటోలు తీసుకునేవాళ్లు పంట తొక్కేస్తున్నారని రైతులు దారి వదిలి, మనిషికి కొంత రుసుము పెట్టారు. నాకది న్యాయంగానే అనిపిస్తుంది, ఆ పసుపు రంగు వాళ్ల నూనెగింజల పంట. అన్నీ కుదిరాయని కాదు. వేసవిలో ఊట ఎండితే మాకే నీళ్లు చాలవు, ఆ రెండు నెలలు అతిథులను తీసుకోం.

పోయిన డిసెంబరులో టీచరమ్మ మళ్లీ వచ్చారు. కారు దిగి, ఎవరినీ పట్టుకోనివ్వకుండా తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ పది అడుగులు ఎక్కి, మలుపులో ఆగి ఊపిరి తీసుకుని, మిగతా ఎనిమిది ఎక్కారు. చెక్క మీద చక్రం టక్కుమంది. లోపలికి వచ్చాక బాత్రూమ్ తలుపు దగ్గర ఆగి, "ఇది ఇంకో మూడంగుళాలు వెడల్పు కావాలమ్మా" అన్నారు. సంత మర్నాడు మేస్త్రి వస్తానన్నాడు.