జివ్వుమన్నది ఎక్కడో సరిగ్గా చెప్పాలి

కుడి కింది దవడలో కరెంటు కొట్టినట్టు నొప్పి. ఉండేది కొన్ని సెకన్లే, కానీ పళ్లు తోముకున్నా, ఏసీ గాలి తగిలినా మళ్లీ వచ్చేది. పంటి నొప్పనుకుని మంచి పన్నొకటి పీకించుకున్నాకే అది ముఖానికి స్పర్శనిచ్చే నరానికి వచ్చే ట్రైజెమినల్ న్యూరాల్జియా అనే జబ్బని తెలిసింది. దుబాయ్‌లో రెండేళ్లు ఈ నొప్పికిచ్చే కార్బమజెపైన్ మాత్రలతో నెట్టుకొచ్చాను. రోజుకు 1200 మిల్లీగ్రాములు దాటేసరికి తల తూలింది, రక్తంలో సోడియం పడిపోయింది. ఎంఆర్ఐలో నరాన్ని నొక్కే రక్తనాళం కనబడలేదు కాబట్టి సూది మొనతో నరాన్ని వేడిచేసి నొప్పిని ఆపే రేడియోఫ్రీక్వెన్సీ చికిత్స చేయించుకుందామని హైదరాబాద్ వచ్చాను.

ఖర్చు చూసి మాత్రమే రాలేదు. ఈ చికిత్స మధ్యలో మనల్ని లేపి, ఎక్కడ ఏమనిపిస్తోందో అడుగుతారు. తిమ్మిరి, మంట, జివ్వుమనడం, చీమలు పాకినట్టుండటం వేర్వేరు. మత్తు పూర్తిగా దిగని నోటితో ఆ తేడా ఇంగ్లీషులో చెప్పగలనన్న నమ్మకం నాకు లేదు.

కాసేపు మత్తిచ్చి, పెదవుల మూలకు సుమారు రెండున్నర సెంటీమీటర్లు పక్కగా చెంపలో సూది గుచ్చుతారు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ పుర్రె అడుగునున్న ఫొరామెన్ ఓవేల్ అనే రంధ్రంలోకి పంపుతారు. అప్పుడు గుండె వేగం హఠాత్తుగా తగ్గొచ్చు కాబట్టి దాన్ని పెంచే అట్రోపిన్ మందు దగ్గర ఉంచుకుంటారు. తర్వాత లేపి 50 హెర్ట్జ్ దగ్గర చిన్న కరెంటు పెడతారు. అర వోల్టు లోపే, రోజూ నొప్పి వచ్చే చోటే జివ్వుమనాలి. నాకు ముక్కు పక్కన, పై పెదవిలో అనిపించింది. ఆ నరానికి మూడు శాఖలు, నా నొప్పి కింది దవడకు వెళ్లే మూడోదాంట్లో. అంటే సూది మొన పై దవడకు వెళ్లే రెండో శాఖ దగ్గరుంది. ఆ మాట చెప్పగానే కాస్త వెనక్కి లాగారు, కింది దవడలో జివ్వుమంది. ఇంకా లోపలికి పోతే కంటికి వెళ్లే మొదటి శాఖ. అది కాలితే కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మొద్దుబారి, పుండు పడినా తెలియదు. 2 హెర్ట్జ్ పరీక్షలో దవడ అదురుతుందేమో కూడా చూశారు. ఆ తర్వాత మళ్లీ మత్తు, సూది మొనకు 70 డిగ్రీల వేడి, 60 సెకన్లు. లేపి గుండుసూదితో తాకితే మొన మొండిగా తెలిసింది. కావలసింది అదే. స్పర్శ పూర్తిగా పోతే ఆ మొద్దుచోటే కొందరికి ఆగని మంటగా మారుతుంది, దానికి మందు దొరకడం కష్టం.

ఆ రాత్రే కరెంటు నొప్పి ఆగింది. దవడ మాత్రం కొన్ని వారాలు బలహీనంగా ఉంది. మొద్దుబారిన వైపు వేడి టీ తగిలినా, బుగ్గ కొరుక్కున్నా తెలియదు, అందుకే తిన్నాక అద్దంలో నోరు చూసుకునేదాన్ని. మాత్రలు ఒక్కసారే మానకుండా డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాను.

రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు ఎన్ని రోజుల ముందు ఆపాలో టికెట్టు కొనకముందే అడగాలి, లేకపోతే వచ్చాక రోజులు వృథా. ఎంఆర్ఐ రిపోర్టు ఒక్కటే కాదు, సీడీ కూడా తెచ్చుకోవాలి. తిరుగు ప్రయాణంలో నరాల నొప్పికిచ్చే ప్రీగాబలిన్ ఉంటే జాగ్రత్త. యూఏఈలో అది నియంత్రిత మందు, ముందే అక్కడి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి.

నరం మళ్లీ పెరుగుతుంది, కొన్నేళ్లకు నొప్పి తిరిగి రావచ్చు. అప్పుడు మళ్లీ చేయించుకోవచ్చు. కాబట్టి ఏ శాఖ, ఎన్ని వోల్టులకు పలికింది, ఎన్ని డిగ్రీలు, ఎన్ని సెకన్లు అన్నవి డిశ్చార్జి కాగితంలో రాయించుకున్నాకే ఆసుపత్రి నుంచి కదిలాను.