గచ్చు ఊడదీసిన బసిలికా

పాత గోవాలోని బోమ్ జీసస్ బసిలికా ముందు ఫొటోలు దిగేవారిలో చాలామంది ఆ ఎర్రరాతి గోడలను చూసి ఎంత పాతదోనని మురిసిపోతారు. నిజానికి ఆ ఎరుపు బయటపడి డెబ్బై ఏళ్లు దాటిందంతే. 1594లో పని మొదలై 1605లో ప్రతిష్ఠ జరిగిన ఈ చర్చి, గోవాలోని తక్కిన చర్చిల్లాగే మూడు శతాబ్దాలకు పైగా సున్నపు గచ్చు కప్పుకొని ఉండేది. 1950లలో, పోర్చుగీసు పాలన ఇంకా సాగుతున్న రోజుల్లో, పునరుద్ధరణ పేరిట ఆ గచ్చునంతా చెక్కి పారేశారు. రాయి కనిపిస్తే పురాతనంగా ఉంటుందన్నది అప్పటి ఆలోచన. ఈ సంగతి ముందే తెలిసి వెళ్ళినందువల్ల నాకు అక్కడ మెచ్చుకోలు కంటే కోపమే ఎక్కువగా కలిగింది.

పణజీ నుంచి సుమారు పది కిలోమీటర్ల దూరానికి టాక్సీవారు రానుపోను అడిగిన కిరాయితో విజయవాడ నుంచి మడ్గావ్ దాకా స్లీపర్ టిక్కెట్ కొనవచ్చు. అందుకని మాండవి ఒడ్డు వెంట రిబందర్ మీదుగా వెళ్ళే బస్సే ఎక్కాను.

కింద మూడు ద్వారాలు, వాటి మీద మూడు పెద్ద కిటికీలు, ఆపైన మూడు గుండ్రటి కిటికీలు, అన్నిటికీ పైన ఈ చర్చిని కట్టించిన జెసూట్ గురువుల సంఘం, అంటే యేసుసభ, చిహ్నమైన ఐ.హెచ్.ఎస్. అక్షరాలు: ఇదీ ముఖభాగం అమరిక. స్తంభాలూ చెక్కడాలూ ముంబై దగ్గరి వసయి ప్రాంతం నుంచి తెప్పించిన నల్లని బసాల్ట్ రాతివి కనుక నాలుగు వందల ఏళ్ల తరువాత కూడా వాటి అంచులు పదునుగానే ఉన్నాయి. మిగిలిన గోడంతా స్థానికంగా దొరికే లాటరైట్ అనే ఎర్రరాయి. ఉత్తరం వైపు ఆనుడు గోడల దగ్గరకు వెళ్ళి చూస్తే రాతి నిండా వేలు దూరేంత బొరియలు, వాటిలో నాచు. చేత్తో రాస్తే ఎర్రటి పొడి అంటుకుంది. తవ్వేటప్పుడు మెత్తగా ఉండి గాలి తగిలాక గట్టిపడే ఈ రాయికి నీటిని పీల్చుకునే గుణం ఉంది. గోవాలో ఏటా కురిసేది సుమారు 3000 మిల్లీమీటర్ల వాన. మా తాతగారి మిద్దెకు గచ్చు ఊడిన చోట ఒక్క వానాకాలంలోనే గోడను వాన ఎలా తినేసిందో చూసినవాణ్ణి కనుక, ఆ పొడి చూస్తే నాకు అందమేమీ తోచలేదు.

లోపల పక్క నడవలు లేని ఒకే పొడవాటి శాల. బంగారు పూత బలిపీఠం మీద ఇగ్నేషియస్ లొయోలా ప్రతిమ నిలువెత్తున ఉండగా, చర్చికి పేరిచ్చిన బాలయేసు మాత్రం ఆయన కింద చిన్నగా కనిపిస్తాడు. యేసుసభ తన వ్యవస్థాపకుడికి వేసుకున్న పెద్దపీట అది.

కుడివైపున యేసుసభ మతప్రచారకుడు పునీత ఫ్రాన్సిస్ శౌరివారి (ఫ్రాన్సిస్ జేవియర్) సమాధి. 1552 డిసెంబర్ 3న చైనా తీరంలోని షాంగ్‌చువాన్ దీవిలో మరణించిన ఆయన దేహం మలక్కా మీదుగా 1554లో గోవా చేరింది. గోవా కంసాలులు చేసిన వెండి పేటికలో దాన్ని ఉంచారు. ఇటలీలోని టస్కనీ ప్రభువు మూడవ కొసిమో కానుకగా పంపిన పాలరాతి పీఠాన్ని 1698లో అమర్చి, పేటికను దానిపైకి ఎక్కించారు. ఫ్లోరెన్స్ శిల్పి ఫొజ్జీని మలచిన కంచు పలకలు చూస్తుండగా, గుంటూరు వైపు నుంచి వచ్చిన బృందంలోని ఒక పెద్దావిడ నా తెలుగు మాట విని దగ్గరకు వచ్చింది.

“శౌరివారిని అంత ఎత్తున పెట్టారేంటి బాబూ, ముట్టుకుందామంటే?”

“పదేళ్లకోసారి దించుతారు పెద్దమ్మా. 2024 నవంబరులో దించి, జనవరి మొదటి వారం దాకా ఎదురుగా ఉన్న సె కెథడ్రల్‌లో దర్శనానికి ఉంచారు.”

“మళ్ళీ పదేళ్లా! అప్పటికి నేనుండొద్దూ? పొడుగ్గా ఉన్నావుగా, ఈ జపమాల కాస్త పైకెత్తి పట్టుకో.”

కాపలాదారు వచ్చి కసిరేదాకా పట్టుకున్నాను.

తరువాత రోడ్డు దాటి సె కెథడ్రల్‌కు వెళ్ళాను. 1776లో ఒక గోపురం కూలిపోయి ఒంటి గోపురంతో మిగిలినా, దాని ఒంటి మీద సున్నం ఇప్పటికీ ఉంది. బోమ్ జీసస్ అసలు ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే అక్కడికే వెళ్ళాలి. బసిలికాకు మళ్ళీ గచ్చు పూయాలా వద్దా అన్న వాదన గోవాలో సాగుతూనే ఉంది. ఎరుపుకు అలవాటుపడిన జనం ఒప్పుకోరన్నది వద్దనేవారి మాట. నన్నడిగితే పేటికను మళ్ళీ దించే నాటికైనా ఆ పని పూర్తిచేయాలి. ఫొటోలవాళ్ళు ఏడాదో రెండేళ్లో గొణిగి ఊరుకుంటారు.