అమ్మ వేళ్ళు, నా గొంతు

మాది ఆత్రేయపురం. అమ్మ చేతి పూతరేకంటే ఊళ్ళో ఓ పేరుండేది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట. పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి పరిచి తీస్తే పొర లేచొచ్చేది. నలభయ్యో ఏట ఓ పొద్దున ఆ గుడ్డ పట్టుకోలేకపోయింది. బారెడు పొద్దెక్కేదాకా గుప్పిట మూతపడేది కాదు. వాతం కమ్మిందన్నారందరూ. రెండేళ్ళు పసర్లూ నూనెలే. రాజమండ్రి తీసుకెళ్ళేసరికే కణుపులు వంకరపోయాయి. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అనే కీళ్ళ జబ్బన్నారు.

నేను కడుపుతో ఉన్నప్పుడు రక్తపరీక్షల్లో థైరాయిడ్ తక్కువని తేలింది. అమ్మకి కీళ్ళలో జరిగినట్టే, ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే నా గొంతులోని ఆ గ్రంథిని పరాయిదనుకుని దెబ్బ తీస్తున్నాయట. అమ్మకి చెప్పగానే ఆ వంకర వేళ్ళతో నా గొంతు తడిమి, "నా రోగం నీకంటించానే అమ్మడూ" అని ఏడ్చింది.

ఆ ఏడుపు నేను తట్టుకోలేకపోయాను. డాక్టరుగారిని గుచ్చిగుచ్చి అడిగాను. ఆరో క్రోమోజోమ్ మీద హెచ్ఎల్ఏ అనే జన్యువులుంటాయి. ఏది మనది, ఏది బయటిది అని కాపలా కణాలు గుర్తుపట్టడానికి అవి సాయపడతాయి. వాటిలో కొన్ని రకాలుంటే పొరపాటు పడే అవకాశం ఎక్కువ. అమ్మ దగ్గరున్న ఈ జన్యువుల రెండు వరసల్లో ఒకటే బిడ్డకొస్తుంది, ఏదొస్తుందో ఆవిడ చేతుల్లో ఉండదు. వచ్చినా, దిగేది రోగం కాదు, దానికి లొంగే గుణం. అదే గుణం ఒకరికి కీళ్ళలో, ఒకరికి థైరాయిడ్‌లో, ఇంకొకరికి చిన్నప్పుడే వచ్చే టైప్ 1 షుగరుగా తేలొచ్చు, అసలు తేలకపోనూవచ్చు. జన్యువులన్నీ ఒకటే అయిన కవలల్లో ఒకరికి అమ్మ జబ్బే ఉంటే, రెండోవారికీ వచ్చేది నూటికి సుమారు 15 మందిలోనే.

చెల్లిని చూసుకోడానికొచ్చి, అమ్మ చేతులు చూసి లేచి వెళ్ళిపోయినవాళ్ళకి ఈ లెక్క ఎవరైనా చెప్పుంటే బావుండేది.

మిగతాది బతుకులోంచి కలుస్తుంది. పొగ అందులో పెద్దది. ఆ జన్యువున్నవాళ్ళు పొగ తాగితే కీళ్ళ జబ్బు ప్రమాదం బాగా పెరుగుతుందని చెప్పారు. వినగానే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. లంక పొగాకు చుట్ట లేకుండా ఆవిడకి తెల్లారేది కాదు. ఆవిడ కీళ్ళూ వాచేవి. ఎవరూ పరీక్ష చేయించలేదు.

మా పాపకిప్పుడు తొమ్మిదేళ్ళు. పొద్దున లేవగానే అమ్మ దాన్ని దగ్గరికి పిలిచి "గుప్పిట ముయ్యి" అంటుంది. పిల్లకి భయం పెట్టకమ్మా అంటే వినదు. ఏ బాధా లేకుండా పిల్లకి పరీక్షలక్కర్లేదన్నారు డాక్టరుగారు. వాపు, పొద్దున్నే బిగుసుకోవడం వారాల తరబడి ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యొద్దన్నారు. అలాంటిదేదైనా కనబడితే నేను పసర్లు కట్టను. రావులపాలెం వెళ్ళి రాజమండ్రి బస్సెక్కుతాను.