టర్‌స్టిన్ పేరు వేట: ఇప్పటిదాకా ఏం తేలింది

ఈ మధ్య ఖాళీ దొరికితే చాలు టర్‌స్టిన్ అనే పేరు మీదే కూర్చుంటున్నా. నార్మన్ పేరే గానీ పుట్టిల్లు స్కాండినేవియా, అక్కడ థోర్‌స్టెయిన్, థోర్ దేవుడి పేరుకి రాయి అనే మాట చేర్చారు. వైకింగులు ఫ్రాన్స్‌లో సీన్ నది దగ్గర స్థిరపడి, క్రైస్తవులై, ఫ్రెంచ్ మాట్లాడే నార్మన్లు అయిపోయాక కూడా ఈ పేరు పిల్లలకి పెడుతూనే ఉన్నారు, నాకు బాగా నచ్చింది అదే.

పాత రికార్డుల్లో దొరికిన ప్రతి టర్‌స్టిన్‌ని ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కిస్తున్నా, కాలమ్స్ ఇవి: సంవత్సరం, లాటిన్‌లో ఉన్న స్పెల్లింగ్ ఉన్నట్టుగా, ఊరు, పదవి, తండ్రి పేరు. తండ్రి పేరు కాలమ్ తప్పనిసరి, అది లేకపోతే ఇద్దరు టర్‌స్టిన్‌లు ఒక్కడైపోతారు. తర్వాత 1066లో ఇంగ్లండ్‌ని గెలిచిన నార్మండీ దొర విలియం డ్యూక్ కుర్రాడిగా ఉన్నప్పుడు ఫలేజ్ కోట పట్టుకుని తిరగబడ్డ టర్‌స్టిన్ గోజ్ తండ్రి ఆన్స్‌ఫ్రిడ్, ఆయన్ని డేన్ (డెన్మార్క్ వాడు) అనే రాశారు. 1066 నాటి హేస్టింగ్స్ యుద్ధంలో నార్మన్ జెండా మోసినవాడు రోల్ఫ్ కొడుకు టర్‌స్టిన్, తర్వాత ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌లో నార్త్ క్యాడ్‌బరీ ఎస్టేట్ ఇతనిదే.

అసలు చిక్కు డూమ్స్‌డే బుక్‌లో ఉంది, అంటే ఇంగ్లండ్‌లో ఏ భూమి ఎవరిదో విలియం 1086లో రాయించిన లెక్క. ఇంగ్లండ్‌కి ఇదే పేరు అంతకుముందే డేన్స్‌తో వచ్చేసింది కదా, మరి కనబడిన ప్రతి టర్‌స్టిన్‌ నార్మనే అని ఎలా అనుకుంటాం? అందుకే 1066లో భూమి ఎవరిది, 1086లో ఎవరిది అని రెండు కాలమ్స్ విడగొట్టా, ఓపెన్ డూమ్స్‌డే సైట్‌లో ఈ రెండూ విడివిడిగానే చూపిస్తారు, ఫ్రీ కూడా. 1066లో ఉండి 1086కి మాయమైనవాడు చాలావరకు అక్కడి పాత మనిషే, 1086లో కొత్తగా వచ్చి, అతని పైదొర కూడా నార్మన్ అయితే నార్మన్ల వైపు వేస్తున్నా, ఏదీ తేలకపోతే పసుపు రంగు వేసి వదిలేస్తున్నా. వెతికేటప్పుడు ఒక్క స్పెల్లింగ్‌తో సరిపెట్టుకోవద్దు, టర్‌స్టినస్, టుర్‌స్టిన్, థర్‌స్టన్, టోస్టైన్ అన్నీ కొట్టి చూడాలి.

చర్చి మనుషుల్లో పని తేలిక, రికార్డులు బాగా ఉన్నాయి. నార్మండీలోని కాన్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌లో గ్లాస్టన్‌బరీ మఠాధిపతి అయిన టర్‌స్టిన్ 1083లో పాట పద్ధతి మార్చమని పట్టుబట్టాడు, సన్యాసులు ఒప్పుకోలేదు, చివరికి చర్చి లోపలే బాణాలు వేయించి సన్యాసుల్ని చంపించారు, ఆ భాగం చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఇతనికి పూర్తిగా వేరు మనిషి యార్క్ ఆర్చ్‌బిషప్ థర్‌స్టన్, 1114లో ఎన్నికైనా కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్‌కి తలవంచనన్నందుకు 1119 దాకా అభిషేకం జరగలేదు, 1132లో ఫౌంటెన్స్ మఠానికి స్థలం ఇచ్చింది, 1138లో స్కాట్‌ల మీదికి ఉత్తరాది సైన్యాన్ని కూడగట్టింది ఈయనే.

ఇక 1066కి ముందటి నార్మండీ దానపత్రాలు మొదలుపెట్టాలి, ఈ పేరు నుంచే పుట్టిన తూతాన్‌విల్ లాంటి ఊరిపేర్లకి వేరే షీట్ తెరుస్తా.